కవచాన్ని కక్ష్యలోనే చూడాలి

సంపాదకులకు నమస్కారం.

రాకెట్ నిటారుగా దిగితే చప్పట్లు కొడతాం. మళ్లీ మళ్లీ వాడాల్సిన వ్యోమనౌకలో అంతకన్నా టెన్షన్ పెట్టేది, తిరిగొచ్చేటప్పుడు పుట్టే వేడి నుంచి నౌకను కాపాడే ఉష్ణకవచం. 2003లో అమెరికా స్పేస్ షటిల్ (రెక్కలున్న వ్యోమనౌక) కొలంబియా పైకి లేస్తుండగా ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క ఎడమ రెక్క అంచున ఉన్న కవచాన్ని పగలగొట్టింది. ముక్క తగలడం వీడియోలో కనిపించింది. అయినా కక్ష్యలో ఉన్నన్నాళ్లూ ఆ రెక్కను ఫొటో తీయించలేదు. తిరిగొచ్చేటప్పుడు ఆ చిల్లులోంచే వేడి వాయువులు చొరబడ్డాయి. ఏడుగురు వ్యోమగాములు చనిపోయారు.

రష్యా వ్యోమనౌక సోయుజ్‌లో కవచం అడుగున, నౌకలోని మరో భాగం చాటున భద్రంగా ఉంటుంది. నేలను తాకేముందు ఆ కవచాన్ని వదిలేస్తారు కాబట్టి దాన్ని మళ్లీ వాడలేం. రెక్కలతో రన్‌వే మీద దిగితే కుదుపు తక్కువే, కవచం మాత్రం మొదటి నుంచీ బయటే ఉంటుంది.

2005 నుంచి షటిళ్లు పొడవాటి చేతికి కెమెరా బిగించి కక్ష్యలోనే రెక్కల్ని తనిఖీ చేశాయి. మనుషుల్ని మోసే ప్రతి కొత్త నౌకకూ ఇలాంటి తనిఖీ తప్పనిసరి చేయాలి.

– ఒక పాఠకుడు