జర్మనీ

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ జర్మనీలో అందరం కులాసా. నీకు హామ్ రేడియో లైసెన్సు చేతికొచ్చిందని, అక్టోబరు చివర్లో సీక్యూ వరల్డ్ వైడ్ పోటీలో, అంటే ప్రపంచంలోని వీలైనన్ని హామ్ స్టేషన్లతో మాట్లాడే పోటీలో, మాటల విభాగంలో కూర్చుంటానని రాశావు. చాలా సంతోషంరా. పవర్ తక్కువ, యాంటెన్నాకి ఉన్నది ఒక్క వైరు, గుంటూరు నడిబొడ్డున దీంతో ఏం వినిపిస్తుందని అడిగావు కదా, ముందు దానికే జవాబు రాస్తాను.

ఈ పోటీకి ప్రపంచాన్ని 40 జోన్లుగా పంచారు. మనది 22. శ్రీలంక, నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, మాల్దీవులు కూడా ఇందులోవే. అక్కణ్ణుంచి ఆడేవాళ్లు తక్కువ. ఒక్కో బ్యాండు (ఫ్రీక్వెన్సీల పట్టీ) మీద దొరికిన ప్రతి కొత్త జోనూ, ప్రతి కొత్త దేశమూ ఒక్కో మల్టిప్లయర్, అంటే పాయింట్లని గుణించే అంకెకి ఒకటి కలుస్తుంది. అందుకే ఐరోపాలో పెద్ద టవర్లున్నవాళ్లు సైతం వీయూతో మొదలయ్యే మన దేశపు స్టేషన్ గుర్తు, అంటే కాల్‌సైన్ కోసం చెవులు రిక్కించుకుని ఉంటారు. నిన్ను వినడానికి తంటాలు పడేది వాళ్లు, వాళ్లను వినాల్సింది నువ్వు. కాబట్టి డబ్బూ ఓపికా పవర్ మీద కాదు, నీ రిసీవర్ దగ్గర రొద తగ్గించడం మీద పెట్టు.

పాయింట్ల లెక్క కూడా చూసుకో. వేరే ఖండం స్టేషన్‌కి 3, ఆసియాలోనే వేరే దేశానికి 1, మన దేశంలో వాళ్లకి 0. జపాన్ ఎంత సులువుగా దొరికినా వచ్చేది ఒక్క పాయింటే. మన దేశం స్టేషన్‌తో పాయింటు రాదు గానీ, బ్యాండుకి ఒకసారి మల్టిప్లయర్ వస్తుంది, వదలొద్దు. మొత్తం పాయింట్లని మొత్తం మల్టిప్లయర్లతో గుణిస్తే స్కోరు. 200 కాంటాక్టులకి 600 పాయింట్లు, 60 మల్టిప్లయర్లు ఉన్నాయనుకో, 36,000. ఇంకో మామూలు కాంటాక్టు 180 కలుపుతుంది. అదే కాంటాక్టు కొత్త మల్టిప్లయర్ అయితే 783 కలుపుతుంది. ఒక అరుదైన స్టేషన్ కోసం నాలుగైదు నిమిషాలు ఆగొచ్చా అన్న సందేహం వచ్చినప్పుడల్లా ఈ రెండంకెలూ గుర్తుచేసుకో.

ఇక యాంటెన్నా. ఒక్క వైరే అంటున్నావు కాబట్టి 20 మీటర్ల బ్యాండుకి (14 మెగాహెర్ట్‌జ్ చుట్టుపక్కల) డైపోల్, అంటే నడిమిన కేబుల్ కలిసే రెండు పక్కల వైరు యాంటెన్నా కట్టి, సింగిల్ బ్యాండు విభాగంలో ఆడమంటాను. పొడవుకి సూత్రం 143ని మెగాహెర్ట్‌జ్‌తో భాగించడం. 14.2కి 10.07 మీటర్లు, అంటే ఒక్కో పక్క ఐదు మీటర్ల చిల్లర. ఇంటి వైరింగుకి వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు చాలు. కానీ దాని ప్లాస్టిక్ తొడుగు వల్ల రెండు మూడు శాతం తక్కువ పొడవుకే అది ట్యూన్ అవుతుంది. పక్కకి 5.20 మీటర్లు పెట్టుకుని మొదలుపెట్టు. ఎస్‌డబ్ల్యూఆర్ (పవర్ యాంటెన్నా నుంచి ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే కొలత, తక్కువుంటే మంచిది) ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర బాగా దిగుతోందో చూడు. రెండు పక్కలా ఒక్కో సెంటీమీటరు తగ్గిస్తే ఇంచుమించు 28 కిలోహెర్ట్‌జ్ పైకి జరుగుతుంది. 13.9 దగ్గర దిగితే పక్కకి 11 సెంటీమీటర్లు తగ్గించాలన్నమాట. కోసేయకు, చివర వెనక్కి మడిచి అదే వైరుకి చుట్టేయ్. మళ్లీ కావాలంటే విప్పుకోవచ్చు.

నడిమి భాగం వెదురు బొంగు మీద, చివర్లు కిందికి వాలేలా తలకిందుల వీ ఆకారంలో కట్టు. నడిమి కోణం 90 డిగ్రీలకి తగ్గకూడదు. పీవీసీ పైపు ఎండకి మెత్తబడి వంగిపోతుంది, బొంగే నయం. వైరు ఈశాన్యం నుంచి నైరుతికి సాగాలి. అప్పుడు దాని బలం వాయవ్యం వైపు, అంటే ఐరోపా వైపు ఉంటుంది. వీధిలో కరెంటు తీగలకి మాత్రం బొంగు పొడవుకి రెట్టింపు దూరంలో ఉండు. తాడు వాటి మీదుగా విసరడం అన్న ఆలోచనే వద్దు.

రేడియో నుంచి వచ్చే కోయాక్స్ కేబుల్ (టీవీ కేబుల్ లాంటిది) డైపోల్‌కి కలిసే చోట జాగ్రత్త. అక్కడ రవ్వంత సందున్నా, ప్రమిదలో వత్తి నూనె పీల్చినట్టు లోపలి రాగి అల్లిక వాననీళ్లు పీల్చుకుంటుంది. నెల తిరిగేసరికి రాగి నల్లబడుతుంది, ఎస్‌డబ్ల్యూఆర్ బాగానే కనిపిస్తుంది, సిగ్నల్ మాత్రం ఉండదు. ముందు సాగే రబ్బరు టేపు, దాని మీద నల్ల టేపు, కింది నుంచి పైకి చుట్టు. అక్కడే ఫెరైట్ అనే అయస్కాంత పదార్థపు రింగు మీద కేబుల్‌ని పది పన్నెండు చుట్లు వేస్తే కేబుల్ పైతొడుగు మీదుగా వచ్చే ఇంటి రొద తగ్గుతుంది. ఉరుము వినిపిస్తే కేబుల్ రేడియో నుంచి ఊడదీసెయ్.

రొద పట్టుకోవడం ఇలా. రేడియోని బ్యాటరీ మీద పెట్టి ఇంటి మెయిన్ ఆపు. రేడియో మీటరు ఎంత రొద చూపిస్తోందో రాసుకో. తర్వాత ఒక్కో స్విచ్చే వేస్తూ పో. ఎల్‌ఈడీ బల్బులు, ఫోను ఛార్జర్లు, ఇన్వర్టర్ ముందు బయటపడతాయి. పోటీ రెండు రోజులూ వాటిని ఆపమని అమ్మకి ఇప్పుడే చెప్పి ఒప్పించు. సీలింగ్ ఫ్యాన్ కింద కూర్చోకు, ఆ గాలి చప్పుడు మైకులోకి వెళ్లి నీ మాటని మింగేస్తుంది. బ్యాటరీ రేడియో పక్కనే ఉండాలి. ఐదు మీటర్ల దూరం అదే ఇంటి వైరుతో లాగితే 20 ఆంపియర్ల దగ్గర దాదాపు 1.4 వోల్టు దారిలోనే పోతుంది. గట్టిగా మాట్లాడిన ప్రతిసారీ రేడియో ఆగిపోయేది అందుకే.

మాట్లాడేటప్పుడు చెప్పాల్సింది సిగ్నల్ రిపోర్టు, జోను, అంతే: "ఫైవ్ నైన్ టూ టూ". "ట్వంటీ టూ" అనకు, రొదలో తెగిపోతుంది. అవతలి కాల్‌సైన్‌లో ఒక్క అక్షరం అనుమానంగా ఉన్నా మళ్లీ అడుగు. తప్పు రాస్తే ఆ పాయింట్లు పోవడమే కాదు, పైన కోత కూడా ఉంటుంది. ఒకే స్టేషన్ రెండోసారి పిలిస్తే వాదించకుండా కాంటాక్టుల చిట్టా, అంటే లాగ్‌లో రాసుకో, దానికి కోత లేదు.

గడియారం యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే సమయం, మనకంటే ఐదున్నర గంటలు వెనక) పెట్టుకో. పోటీ మన లెక్కన శనివారం పొద్దున్న 5:30కి మొదలై సోమవారం 5:29కి ముగుస్తుంది. ఆ ఆదివారమే ఇక్కడ ఐరోపాలో గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు, స్థానిక సమయం నమ్ముకుంటే లాగ్ అంతా చిక్కుపడుతుంది. ఎన్1ఎంఎం సాఫ్ట్‌వేర్ ఉచితం, లాగ్ అందులోనే రాసుకో, దాన్నుంచే క్యాబ్రిల్లో ఫైలు (పోటీవాళ్లు అడిగే లాగ్ రూపం) తీసి ఐదు రోజుల్లోపు పంపాలి. లైసెన్సులో రాసిన పవర్ దాటకు.

శనివారం 13:00 యూటీసీకి 14.2 దగ్గర కాస్త అటూ ఇటూ నిన్ను వెతుకుతాను. నీకు సాయంత్రం ఆరున్నర, నాకు మధ్యాహ్నం మూడు. దొరికితే ఇద్దరికీ చెరో మూడు పాయింట్లు. అక్కా తమ్ముడూ కబుర్లు అక్కడ వద్దు, రిపోర్టూ జోనూ చెప్పి వెళ్లిపో. అమ్మకి ఆదివారం రాత్రి విడిగా ఫోన్ చేస్తాను.

ఇట్లు,
నీ అక్క