ఎయిర్ రైఫిల్ రెగ్యులేటర్ మరమ్మతుపై ఫిర్యాదు

విశాఖపట్నం

సర్వీసు విభాగం మేనేజర్ గారికి,

విషయం: మీ సంస్థ రెగ్యులేటర్‌లోని లోపాన్ని సరిచేయకుండా కప్పిపెట్టి తిప్పి పంపడం గురించి, కొత్త రెగ్యులేటర్ గానీ పూర్తి సొమ్ము గానీ ఇప్పించమని కోరుతూ.

అయ్యా,

మా క్లబ్బులో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటున్న పిల్లలు ఉమ్మడిగా వాడే మ్యాచ్ రైఫిల్ ఒకటి ఉంది. సిలిండర్ గాలిని ప్రతి షాట్‌కూ ఒకే పీడనంతో అందించే దాని పాత రెగ్యులేటర్ అరిగిపోవడంతో మీరు ‘అప్‌గ్రేడ్’ పేరుతో అమ్ముతున్న కొత్తదాన్ని కొన్నాం. కొద్ది వారాలకే అది తేడా చేసింది. రైఫిల్ మొత్తం పంపితే తప్ప చూడలేమన్నారు. సిలిండర్ విప్పి, గాలి లేకుండా చేసి పంపాం. మీరు ట్యూనింగ్ రుసుము కూడా వసూలు చేసి, ‘సమస్య పరిష్కరించబడింది, సగటు వేగం సరిగా ఉంది’ అని ఒక చీటీ అంటించి వెనక్కి పంపారు. సగటు సరిగానే ఉంది. సమస్య మాత్రం ఎక్కడికీ పోలేదు. పైగా మేము పంపిన రోజుకంటే ఈ రోజు ఆ రైఫిల్ ఎక్కువ ప్రమాదకరంగా ఉంది. ఫోనులో మాట్లాడిన మీ సిబ్బంది ‘సగటు’ అన్న మాట దాటి ముందుకు రాలేదు కనుక, అన్నీ రాతపూర్వకంగా మీ ముందు పెడుతున్నాను.

మొదట వచ్చిన లోపం ఇది. వరుసగా పేలుస్తున్నంతసేపు పెల్లెట్ వేగం సెకనుకు 171, 172 మీటర్ల దగ్గర నిలిచేది. మూడు నాలుగు నిమిషాలు ఆగి పేలిస్తే ఆ ఒక్క షాట్ 178 దాకా వెళ్ళేది. తరువాతిది మళ్ళీ 172. ఈ పని తెలిసినవారికి ఇంతకుమించి చెప్పనక్కరలేదు. రెగ్యులేటర్‌లోని వాల్వు సీటు, అంటే వాల్వు వచ్చి ఆనుకునే చోటు, పూర్తిగా మూసుకోవడం లేదు. సిలిండర్‌లో 200 బార్ల పీడనంతో ఉన్న గాలి సన్నగా ఇవతలికి జారుతోంది. 70 బార్ల దగ్గర ఆగవలసిన పీడనం ఆగకుండా పైకి పాకుతోంది. సీటు మీద గీత పడినా, తయారీలో మిగిలిన లోహపు రజను అక్కడ చిక్కుకున్నా ఇలాగే జరుగుతుంది. దీనికి తోడు రెగ్యులేటర్ పక్కన ఉండే గాలి రంధ్రం నుంచి సన్నని బుస వినిపించేది. అంటే రెగ్యులేటర్ లోపలి పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు ఓ-రింగ్ కూడా గాలిని ఆపడం లేదు. ఈ రెండు సంగతులూ రైఫిల్‌తో పాటు పంపిన కాగితంలో స్పష్టంగా రాశాను. దాని నకలు జతచేశాను.

“ఆరు మీటర్ల తేడా ఏపాటిదండీ” అని మీ ఉద్యోగి ఒకరు నవ్వారు. పది మీటర్ల దూరంలో ఆ ఆరు మీటర్ల వేగం పెల్లెట్‌ను ఒక మిల్లీమీటరుకు పైగా ఎగువన తగిలేలా చేస్తుంది. ఈ పోటీలో పది వలయం అంటే అర మిల్లీమీటరు చుక్క. దశాంశాల లెక్కలో ఒక్కో పదో వంతుకు పావు మిల్లీమీటరు. అంటే 10.5 పడవలసిన చోట 10.1 పడవచ్చు. అరవై షాట్ల క్వాలిఫికేషన్‌లో ఎనిమిదో స్థానానికీ తొమ్మిదో స్థానానికీ మధ్య తరచూ పదో వంతులే ఉంటాయి. ఎనిమిదో వారు ఫైనల్‌కు వెళ్తారు, తొమ్మిదో వారు రైఫిల్ పెట్టెలో సర్దుకుంటారు. మీ ప్రకటనలో ఒలింపిక్ స్థాయి అని రాసుకున్నారు. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012లో లండన్‌లో మన హైదరాబాదుకు చెందిన గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది ఈ పోటీలోనే. ఆ మాట ప్రకటనలో వాడుకునేవారికి ఆరు మీటర్లు నవ్వు తెప్పించకూడదు.

డబ్బు నష్టం కంటే నన్ను ఎక్కువ బాధించింది వేరే ఉంది. అరవై షాట్లకు డెబ్బై అయిదు నిమిషాల సమయం ఇస్తారు. గురి కుదరకపోతే రైఫిల్ దించి, ఊపిరి సర్దుకుని, మళ్ళీ ఎత్తమని పిల్లలకు మేమే నేర్పుతాం. మీ రెగ్యులేటర్ పాడుచేసింది సరిగ్గా ఆ షాట్‌నే. తొందరపడి పేల్చినవి మధ్యలో పడేవి, ఆగి ఆలోచించి పేల్చినది పైకి పోయేది. మా దగ్గర నేర్చుకుంటున్న ఒక అమ్మాయి తన జాగ్రత్తనే అనుమానించడం మొదలుపెట్టింది. ఊపిరి బిగబట్టే పద్ధతి మార్చుకుంది, చెంప ఆనించే తీరు మార్చుకుంది, ఆగడం మానేసింది. లోపం రైఫిల్‌లో ఉందని పెల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ చూపించే నాటికి ఆ కొత్త అలవాట్లు కుదురుకున్నాయి. ఇప్పుడు వాటిని ఒక్కొక్కటిగా మాన్పిస్తున్నాం. 2021లో టోక్యోలో మను భాకర్ పిస్తోలు లివర్ విరిగినప్పుడు కనీసం లోకానికంతా కారణం తెలిసింది. రెగ్యులేటర్ లోపం అలా బయటపడదు. నింద పేల్చినవారి మీద వేసి ఊరుకుంటుంది.

ఇక మీరు చేసిన ‘మరమ్మతు’. రైఫిల్ రాగానే క్రోనోగ్రాఫ్ ముందు పెట్టాం. కాసేపు ఆగి పేల్చిన మొదటి షాట్ 160. తరువాత 166, 170, 173, 175. ఆపకుండా పేలిస్తే ఇంకా పైన. మీ చీటీలో రాసిన సగటు ఈ అంకెల నుంచి రావడంలో ఆశ్చర్యం లేదు. ఇదివరకు ఆగితే వేగం పెరిగేది, ఇప్పుడు ఆగితే తగ్గుతోంది. రోగం అదే, లక్షణం తిరగబడిందంతే.

ఎందుకు తిరగబడిందో భుజానికి ఆనించే స్టాక్ విప్పగానే అర్థమైంది. ట్రిగ్గర్ నొక్కగానే పెల్లెట్ వెనక గాలి వదిలే వాల్వును కొట్టి తెరిచేది హ్యామర్. దాన్ని నెట్టే హ్యామర్ స్ప్రింగు మరను బాగా వదులు చేశారు. పీడనం పెరిగితే వేగం కూడా పెరుగుతూ పోతుందని కొత్తవారు అనుకుంటారు. అది ఒక హద్దు వరకే నిజం. ఆ హద్దు దాటాక లోపలి గాలే ఆ వాల్వును గట్టిగా మూసిపెడుతుంది. బలహీనమైన హ్యామర్ దెబ్బకు వాల్వు సరిగా తెరుచుకోదు, వేగం పడిపోతుంది. ట్యూనింగ్ అంటే ముందుగా పీడనాన్ని ఒక చోట కదలకుండా నిలిపి, తరువాత ఆ పీడనానికి తగినట్టు హ్యామర్ స్ప్రింగును సరిపెట్టడం. మీవాళ్ళు పాకుతున్న పీడనాన్ని దాని మానాన వదిలేసి, సగటు 172 దగ్గరికి వచ్చేదాకా స్ప్రింగును తిప్పారు. రెగ్యులేటర్ చేయవలసిన పని ఒక్కటే: ప్రతి షాట్‌కూ ఒకే పీడనం ఇవ్వడం. ఆ పని చేయని రెగ్యులేటర్‌కు సగటు ఎంతైతే ఎవరికి కావాలి?

అసలు నేరం ఇంకొకటి ఉంది. గాలి రంధ్రాన్ని జిగురుతో పూడ్చేశారు. గట్టిపడిన ఆ జిగురు ఫోటోలో స్పష్టంగా కనిపిస్తుంది. డిస్క్ స్ప్రింగులు ఉండే గదిలో బయటి గాలి పీడనమే ఉండాలి. ఓ-రింగ్ దాటి వచ్చిన గాలి బయటికి పోవడానికే ఆ రంధ్రం. దాన్ని మూస్తే బుస ఆగుతుంది, నిజమే. కానీ కారిన గాలి స్ప్రింగుల వెనక పోగై వాటితో పాటు తానూ పిస్టన్‌ను నెడుతుంది. దానితో రెగ్యులేటర్ వాల్వు మూసుకోవడానికి ఇంకా ఎక్కువ పీడనం కావలసి వస్తుంది. 70 బార్లకు అమర్చినది తనంతట తానే పైకి పోతూ ఉంటుంది. మొరాయిస్తే సిలిండర్ పీడనమంతా 70 బార్ల కోసం తయారైన భాగాల మీద పడుతుంది. కుక్కర్ ఆవిరి పోయే దారిలో గుడ్డ కుక్కి, ఇక చప్పుడు లేదని చేతులు దులుపుకున్నట్టుంది మీ పని. ఈ రైఫిల్‌ను చెంపకు ఆనించి పట్టుకునేది పద్నాలుగు, పదిహేనేళ్ళ పిల్లలు. ఫోటోలు తీసిన వెంటనే గాలి వదిలేసి దాన్ని పక్కన పెట్టాం.

వారంటీ చెల్లదని తప్పించుకోవడానికి ఇక్కడ దారి లేదు. స్టాక్ విప్పవచ్చునని మీ చేతిపుస్తకమే చెబుతోంది. రెగ్యులేటర్ మీద మీ సీలు ఎవరూ ముట్టుకోలేదు, అదీ ఫోటోలో ఉంది. లోపల ఏ గ్రీజు పూశారో కూడా రాతపూర్వకంగా తెలియజేయండి. అధిక పీడన గాలి తగిలే చోట పెట్రోలియం గ్రీజు అంటుకునే ప్రమాదం ఉంటుంది, సిలికోన్ గ్రీజే వాడాలి. రంధ్రానికి జిగురు పూసిన చేతులు ఈ జాగ్రత్త పాటించాయని నేను ఎలా నమ్మాలి?

ఫిర్యాదు చేయడానికి ఫోను చేస్తే మీ అమ్మకాల విభాగం వారు ఇంకొంత సొమ్ము కడితే ‘పవర్’ పెంచి ఇస్తామన్నారు. లైసెన్సు అక్కరలేని 20 జౌళ్ళ హద్దుకు ఇంకా చాలా దూరంలో ఉన్నారని ఊరించారు. మా రైఫిల్ శక్తి ఎనిమిది జౌళ్ళకు కాస్త తక్కువే. మేము కొట్టేది పది మీటర్ల దూరంలోని లక్ష్యం మీద అర మిల్లీమీటరు చుక్కను. దానికి బలం ఎందుకో వారే చెప్పాలి.

మేము కోరుతున్నవి ఇవి. రెగ్యులేటర్‌ను మార్చి కొత్తది ఇవ్వండి. దానితో పాటు పరీక్ష పత్రం పంపండి. అందులో సగటు వేగం ఒక్కటే ఉంటే ఒప్పుకోం. షాట్ పేల్చిన తరువాత అరగంటసేపు గేజి మీద పీడనం ఎంత దగ్గర నిలిచిందో అందులో ఉండాలి. సిలిండర్ 200 బార్లతో నిండుగా ఉన్నప్పుడు, 100 బార్లకు తగ్గినప్పుడు విడివిడిగా చూపాలి. హ్యామర్ స్ప్రింగును ఆ కొత్త పీడనానికి మీ ఖర్చుతోనే సరిపెట్టాలి. ఇది చేతకాకపోతే రెగ్యులేటర్ ధర, ట్యూనింగ్ రుసుము, రానుపోను కొరియర్ ఖర్చు కలిపి వాపసు చేయండి. మార్పిడి సమయంలో మీ దగ్గరే ఉంచుకున్న మా పాత రెగ్యులేటర్‌ను కూడా తిప్పి పంపండి. అరిగినదైనా దానికి ఓ-రింగులు, సీటు మార్చుకుంటే నిజాయితీగా పనిచేస్తుంది.

ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే 1915 నంబరు వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేస్తాం. ఆ తరువాత 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళతాం. ఫిర్యాదుదారు ఉండే ఊళ్ళోనే కేసు వేయడానికి ఆ చట్టం వీలు కల్పించింది. మీ ఊరికి రావలసిన పని మాకు లేదు.

మీ సర్వీసు విభాగం ఇంకెవరి రెగ్యులేటర్ రంధ్రాన్నైనా ఇలాగే మూసి పంపి ఉంటే, మాకు జవాబు రాయడానికి ముందు వారికి ఫోను చేసి సిలిండర్లు విప్పమని చెప్పండి.

ఇట్లు,
క్లబ్బు శిక్షకుడు

జతపరిచినవి: బిల్లు, ట్యూనింగ్ రుసుము రసీదు, మీ సర్వీసు చీటీ, మేము ముందు పంపిన కాగితం నకలు, మరమ్మతుకు ముందూ తరువాతా క్రోనోగ్రాఫ్ అంకెలు, గాలి రంధ్రం, సీలు ఫోటోలు.