హంతకుడు ముందే దొరికిపోతే తప్పు ముగింపుదేనా?

సంపాదకులకు నమస్కారం.

కొత్త రచయిత తొలి సస్పెన్స్ నవల వచ్చిందంటే రెండు మాటలు వినిపిస్తాయి. 'సగంలోనే పట్టేశాం' అని కొందరు, 'హంతకుణ్ణి చివర్లో ఎక్కడినుంచో ఊడిపడేట్టు చేశారు, ఇది మోసం' అని ఇంకొందరు. రెండూ ఒకే పుస్తకం గురించి! రచయిత బెంబేలెత్తిపోయి ముగింపు మీద పడతారు. నిజానికి చూసుకోవాల్సింది ఆధారాన్ని ఎక్కడ పెట్టామన్నది.

అగాథా క్రిస్టీ తొలి నవల 'ది మిస్టీరియస్ ఎఫైర్ ఎట్ స్టైల్స్' 1920లో వచ్చింది. అంతకుముందు కొందరు ప్రచురణకర్తలు దాన్ని తిప్పి పంపారు. వేస్తామన్న జాన్ లేన్ కూడా చివరి అధ్యాయం మార్చమన్నారు. అందులోని డిటెక్టివ్ పొయిరో కోర్టులో సాక్ష్యం చెబుతూ గుట్టంతా విప్పినట్టు ఆమె మొదట రాశారు. ఏ కోర్టూ సాక్షిని అలా మాట్లాడనివ్వదు కదా. దాంతో ఆ సన్నివేశాన్ని ఇంట్లోకి మార్చారు. గుట్టు విప్పే చోటు మారింది, హంతకుడు మారలేదు.

(ఆ నవల చదవనివారు ఈ పేరా వదిలేయండి.) ఇంటి యజమానురాలు రోజూ తాగే టానిక్‌లో కొద్దిగా స్ట్రిక్నిన్ అనే విషం ఉంటుంది. అందులో నిద్రకు వాడే బ్రోమైడ్ పొడి కలిస్తే ఆ విషం అడుగుకు దిగి, చివరి మోతాదుతో ప్రాణం తీస్తుంది. పొడి పొట్లాల ఖాళీ పెట్టె మన కళ్లెదుటే ఉంటుంది కానీ, మన చూపంతా నుజ్జునుజ్జయిన కాఫీ కప్పు మీదే. క్రిస్టీ ఆసుపత్రి మందుల గదిలో పనిచేసిన మనిషి. విషాల సంగతి తెలిసి రాశారని ఫార్మస్యూటికల్ జర్నల్ మెచ్చుకుంది. అయితే కెమిస్ట్రీ రాని పాఠకుడు 'మాకెలా తెలుస్తుంది?' అంటే అదీ న్యాయమే.

కాబట్టి కొత్త రచయితలు అచ్చుకిచ్చే ముందు కథ తెలియని ఐదుగురికి రాతప్రతి ఇవ్వండి. ప్రతి అధ్యాయం చివర ఎవరిమీద అనుమానమో ఒక పేరు రాయమనండి. ముగ్గురు సగంలోపే అసలు పేరు రాస్తే, ఆ పేరు మొదట పడిన అధ్యాయం తీసి చూడండి. చాలాసార్లు ఆధారం అధ్యాయం ఆఖరి వాక్యంలో దొరుకుతుంది. పాఠకుడికి బాగా గుర్తుండిపోయే చోటు అదే. దాన్ని నాలుగు మామూలు వస్తువుల మధ్యకు జరిపి, వెంటనే ఒక తగాదా పెట్టండి. పుస్తకం మూసేశాక కూడా ఆధారం ఎవరికీ గుర్తు లేకపోతే, యాభై అరవై పేజీల తర్వాత దాన్ని మరో రూపంలో ఇంకోసారి చూపించండి. పోస్టుమార్టం, కాల్ డేటా వంటివి గుట్టు విప్పేటప్పుడు మొదటిసారి వినిపించకూడదు. అంతకుముందే, వేరే పని మీద నడిచే సన్నివేశంలో, మామూలు మాటల్లో వచ్చి ఉండాలి.

మన వారపత్రికల సీరియల్ అలవాటు ఒకటుంది. వారానికో కుదుపు బాగానే పనిచేసేది. అవే ఇరవై కుదుపులు ఒకే పుస్తకంలో వరసగా వచ్చి, అర్ధరాత్రి తలుపు తట్టింది ప్రతిసారీ పక్కింటాయనే అయితే, అసలు ప్రమాదం వచ్చిన రోజున పాఠకుడు ఉలిక్కిపడడు.

సమీక్షకులకూ ఒక విన్నపం. 'ముందే తెలిసిపోయింది' అని వదిలేయకండి. ఏ అధ్యాయంలో, ఏ మాట దగ్గర తెలిసిందో రచయితకు చెప్పండి.

ఇట్లు,
ఒక సస్పెన్స్ నవలాభిమాని, విజయవాడ