నిన్న ఉలవపాడు వచ్చినవాళ్ళందరికీ, ముఖ్యంగా ఆ రొయ్యల లారీ అన్నకి

రాత్రంతా నిద్ర లేదు, కాళ్ళు పీకుతున్నాయి, అయినా ఇప్పుడే రాయకపోతే ఇక రాయలేననిపించి కూర్చున్నా. నవంబరు మూడో ఆదివారం రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళని తల్చుకునే రోజని 2005లోనే ఐక్యరాజ్యసమితి ప్రకటించిందంట, మాకు ఈ ఏడాదే తెలిసింది. నిన్న హైవే పక్కన సర్వీసు రోడ్డులో చిన్న షామియానా వేసి, మా తమ్ముడిదీ, ఇలాగే రోడ్డు పనిలో ఉండగా వాహనాలు గుద్ది పోయిన ఇంకొందరిదీ ఫోటోలు పెట్టాం. అంతమంది వస్తారనుకోలేదు.

మా ఆయన, అన్నయ్య, బాబాయి వాళ్ళు పనులన్నీ మీదేసుకున్నారు. వాళ్ళకి వేరే చెప్పేదేముంది.

చెప్పాల్సింది ఆ లారీ అన్న గురించి. పేరు రాయొద్దన్నాడు, వింజమూరు వైపు మనిషి, రొయ్యల లోడు తోలతాడు. మా తమ్ముడు పోయిన ఆ రాత్రి, వాడు తారు పనిలో ఉంటే కారు గుద్దేసి ఆగకుండా పోయింది. వెనక వస్తున్న ఈయన తన లారీని రోడ్డుకి అడ్డం పెట్టి, ఇండికేటర్లన్నీ వేసి, ఇంకే బండీ మిగతా కూలీల మీదికి రాకుండా ఆపాడు. మూగిన జనం లారీయే గుద్దిందనుకుని చొక్కా పట్టుకున్నారంట. అయినా పోలేదు. లోపల ఐసు కరుగుతోంది, ఓనరు ఫోన్లో తిడుతున్నాడు, పోలీసులు వచ్చేదాకా మావాడి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నాకు ఫోన్ చేసింది కూడా ఆయనే. "అమ్మా, దెబ్బ తగిలింది, 108 ఎక్కించాం, ఒంగోలు పెద్దాసుపత్రికి తీసుకుపోతున్నారు. మీ పక్కన ఎవరన్నా ఉన్నారా? ఒక్కరే బయల్దేరొద్దు" అన్నాడు. ఎవరో తెలీని మనిషి, అంత గందరగోళంలో, నేను ఒంటరిగా వస్తానేమోనని ఆలోచించాడు. సాయపడినవాళ్ళని కేసుల పేరుతో ఇబ్బంది పెట్టకూడదని 2019లో చట్టంలోనే చేర్చారు గానీ, ఆ రాత్రి ఆయన చొక్కా పట్టుకున్నవాళ్ళకి అదెవరు చెప్పారు?

నిన్న పిలవకుండానే వచ్చాడు. ఎక్కడో వెనక నుంచున్నాడు. అందరూ పూలు వేసి పక్కకి పోయాక ఫోటో ముందుకొచ్చి చాలాసేపు చూసి, "నవ్వితే ఇట్టా ఉంటాడా అమ్మా" అన్నాడు. అప్పటిదాకా గట్టిగానే ఉన్నా. ఆ మాటతో ఇక ఏడుపు ఆగలేదు. మా అమ్మ ఆయన చేతులు పట్టుకుని వదల్లేదు.

పిన్ని కొడుకు అమెరికాలో ఉంటాడు. అక్కడ 2000 నుంచి ఏటా ఏప్రిల్‌లో ఒక వారం రోడ్డు పనిచోట్ల భద్రత కోసమే పెట్టుకుంటారని, నారింజ రంగు బట్టలు వేసుకుంటారని, పనిచోట్ల చనిపోయినవాళ్ళ పేర్లు రాసిన గోడలాంటిది ఊరూరా తిప్పుతారని వాడే చెప్పాడు. అందుకే నిన్న మా ఆడవాళ్ళం నారింజ చీరలు కట్టుకున్నాం. ఎవరో పార్టీ మీటింగా అనడిగారు, సర్లేండి.

ఇంకో మాట రాయకుండా ఉండలేను. ఆ రాత్రి అక్కడున్నది నాలుగు కోన్లు, ఒక ఎర్ర గుడ్డ. లైటు లేదు. 100 మీద వచ్చే కారు ఒక్క సెకనులో 27 మీటర్లు దాటేస్తుందని, అందుకే పనికి చాలా ముందు నుంచే బోర్డులు వరసగా పెట్టాలని రోడ్డు పనుల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే సంస్థ పుస్తకంలోనే ఉందని నిన్న ఒక రిటైర్డ్ ఇంజనీరుగారు మాకు అర్థమయ్యేలా చెప్పారు. మరి తెల్లారేసరికి అన్ని బోర్డులూ, మెరిసే జాకెట్లూ ఎక్కణ్ణుంచి వచ్చాయి? గోడౌన్లో ఉన్నాయనేగా! కాంట్రాక్టరేమో మా మనిషి కాదు, మేస్త్రి తెచ్చుకున్న మనిషి అంటాడు. మేస్త్రి ఫోన్ ఎత్తడు. పనిలో ప్రమాదం జరిగితే నష్టపరిహారం ఇప్పించే చట్టం ప్రకారం పని చేయించుకునే అసలు యజమాని మీద కూడా బాధ్యత ఉందని లాయరుగారు ధైర్యం చెప్పారు. కారు దొరకలేదు కాబట్టి హిట్ అండ్ రన్ కింద 2 లక్షలు వస్తాయట, దానికీ ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాం. అడిగిన ప్రతిసారీ ఇంకో కాగితం.

లాయరుగారు ఫీజు తీసుకోలేదు, ఆయనకీ థాంక్స్. అయ్యో, ఫ్లెక్సీ షాపు పిల్లాడు, రాత్రికి రాత్రి వేసిచ్చి డబ్బులొద్దన్నాడు. 108లో వచ్చిన ఇద్దరు. టీ కొట్టు ఆమె, అందరికీ టీ పోసింది. మైకు ఇచ్చిన చర్చి వాళ్ళు. మా తమ్ముడితో పనిచేసిన కుర్రాళ్ళు, నిన్న ఒక రోజు కూలి వదులుకుని వచ్చారు, వాళ్ళని ముందే రాయాల్సింది.

ఇంకా ఎవరి ఇంట్లోనైనా రోడ్డు పనిలో పోయినవాళ్ళుంటే ఫోటో పంపండి, వచ్చే ఏడాది ఫ్లెక్సీలో వేస్తాం. మర్చిపోయా, భోజనాల దగ్గర స్టీలు బేసిన్ ఒకటి ఎవరిదో మా ఇంటికి వచ్చింది, అడుగున సొట్ట ఉంది. ఎవరిదో చెప్తే ఎవరితోనైనా పంపిస్తా.