గంజాయి చట్టం మారితే పాత శిక్షలు పోతాయా?

సంపాదకుడు గారికి,

గంజాయి తాగడం నేరం కాదని చట్టం మారిస్తే పాత కేసులున్న కుర్రాళ్లంతా బయటపడతారని పోయిన వారం మీ జిల్లా పేజీలో వేశారు. ఎవరైనా సరిదిద్దుతారని నాలుగు రోజులు చూశాను. ఎవరూ రాయలేదు. ఆ మాట నమ్మి వాయిదాలకు పోకుండా కూర్చునేవాళ్లు కావలిలోనూ ఉంటారు, ఒంగోలులోనూ ఉంటారు. వాళ్ల కోసం రాస్తున్నాను.

చట్టం మారినంత మాత్రాన పడిన శిక్ష చెరిగిపోదు. పాత చట్టం రద్దయినా దాని కింద పడిన శిక్ష అలాగే ఉంటుందని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం ఆరో సెక్షన్ చెబుతోంది. కొత్త చట్టంలో పాతవాళ్ల గురించి విడిగా రాస్తేనే ఊరట. ఇది మనదగ్గర ఒకసారి జరిగిందే. గంజాయి లాంటి మత్తు పదార్థాల కేసులు పెట్టే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టాన్ని 2001లో సవరించి, సరుకు బరువును బట్టి శిక్ష అన్నారు. విచారణలో ఉన్నవాళ్లకు ఆ మేలు అందింది. అప్పటికే శిక్షపడి అప్పీలులో ఉన్నవాళ్లకు అందలేదు. సవరణలోనే అలా రాశారు, 2004లో సుప్రీంకోర్టు కూడా అది చెల్లుతుందంది. కెనడా 2018లో గంజాయికి అనుమతిచ్చి, పాత రికార్డుల కోసం మరుసటి ఏడాది ఇంకో చట్టం చేసుకుంది. అమెరికాలో ఇల్లినాయిస్ రాష్ట్రం 2019లో రెండూ ఒకే చట్టంలో పెట్టింది. మన ఎంపీలు అడగాల్సింది అలాంటి చట్టం.

మన జిల్లాల్లో అసలు నష్టం ‘ఫైన్ కట్టేసి వచ్చాం’ అన్న మాటతో జరుగుతోంది. కిలో దాకా గంజాయి దొరికితే చిన్న మోతాదు: ఏడాది వరకు జైలు, లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ. ఒప్పేసుకో, ఈరోజుతో అయిపోతుందని పక్కనుండి ఎవరో చెబుతారు. ఒప్పుకుంటే అది శిక్షే. ఆ తర్వాత శిక్ష ఎక్కువైందని అప్పీలుకు పోవచ్చుగానీ, నేరం చేయలేదని పోవడానికి లేదు. ఉద్యోగం వచ్చాక పాత కేసుల వివరాలడుగుతూ ఇచ్చే అటెస్టేషన్ ఫారంలో అది రాయాలి, దాస్తే దాచినందుకే ఉద్యోగం పోవచ్చు. ఒట్టి జరిమానా పడినా ఆరేళ్లపాటు అసెంబ్లీకీ, పార్లమెంటుకీ పోటీ చేయడానికి లేదు.

సెక్షన్ వేయడంలో ఇంకో తిరకాసు ఉంది. తాగినందుకు ఎన్‌డీపీఎస్ చట్టం 27వ సెక్షన్ వేస్తే ప్రొబేషన్ (జైలుకు పంపకుండా మంచి నడవడిక హామీ మీద వదిలేయడం) అడగొచ్చు. జేబులో పొట్లం ఉందని 20వ సెక్షన్ వేస్తే, పద్దెనిమిదేళ్లు నిండినవాడికి ఆ దారి మూసుకున్నట్టే. బరువు సంగతీ అంతే. చట్టంలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు. కొసలు లేని ఉత్త ఆకు, గింజ లెక్కలోకి రావు. కాడలూ ఆకులూ సంచీతో సహా కలిపి తూకం వేస్తే తొమ్మిది వందల గ్రాములు కిలో దాటుతుంది. దాటితే పదేళ్ల దాకా జైలు. సరుకు జాబితాను మేజిస్ట్రేటు ధ్రువీకరించాలని, శాంపిల్ ఆయన ముందే తీయాలని 52ఏ సెక్షన్ ఉంది. పంచనామా కాపీ తీసుకుని ఏమేం కలిపి తూచారో లాయరుతో చూపించుకోవాలి.

మత్తుకు అలవాటుపడి తనంతట తాను చికిత్సకు వెళ్లినవాడికి, తాగిన కేసులోనూ చిన్న మోతాదు కేసులోనూ ప్రాసిక్యూషన్ నుంచి 64ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది. హైవే పక్కన కట్టే అవగాహన ఫ్లెక్సీల్లో ఈ ఒక్క ముక్క ఎందుకు రాయరు? కుర్రాళ్లను స్టేషన్ ముందు వరసగా నిలబెట్టి ఫొటోలు తీయించడానికి మాత్రం తీరిక దొరుకుతుంది. కోర్టు తేల్చకముందే ఆ ముఖాలను మీ పత్రికలూ అచ్చేస్తున్నాయి. కేసు కొట్టేసిన రోజు రెండు లైన్లు కూడా రావు. ఇది తప్పు, మానండి.

పాస్‌పోర్టుకు పాత జరిమానా కన్నా నడుస్తున్న కేసే పెద్ద అడ్డం. కోర్టు అనుమతి లేకుండా పాస్‌పోర్టు రాదు. గల్ఫ్ వెళ్దామనుకునేవాళ్లు చట్టం మారేదాకా ఆగకుండా కేసు తేల్చుకోవాలి. శిక్ష పడినవాళ్లు కోర్టు కాపీయింగ్ సెక్షన్‌లో తీర్పు సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి. సెషన్స్ కోర్టులో అప్పీలుకు గడువు ముప్ఫై రోజులే. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే ఉచిత న్యాయసహాయం నంబరు 15100కు ఫోన్ చేయండి. ఆడవాళ్లకూ, ఎస్సీ, ఎస్టీలకూ, కస్టడీలో ఉన్నవాళ్లకూ ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు.

పోయిన వారం వార్తకు సవరణ అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో వేయమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
దర్గామిట్ట, నెల్లూరు