మల్లె వాసనకి కన్ను ఎటు మొగ్గుతుంది?

తిరుపతి
ఆదివారం

ఏరా మామా,

రెండు నెలలుగా జవాబు రాయలేదు, క్షమించు. ఇంట్లో అందరూ బాగున్నారు, నాన్నకి శుక్లం ఆపరేషన్ అయింది, మిగతావి ఫోన్లో. ముందు ఈ సంగతి విను. మనకి ఏది కనబడాలో ముక్కు కూడా తేలుస్తుందట!

రెండు కళ్లకీ వేర్వేరు బొమ్మలు చూపిస్తే మెదడు వాటిని కలపలేదు. కొన్ని సెకన్లు ఇది, కొన్ని సెకన్లు అది, వంతులేసుకుని కనబడతాయి. మన సున్నుండల పంచాయితీ అనుకో. 2010లో వెన్ జౌ అనే శాస్త్రవేత్త బృందం ఒక కంటికి గులాబీ, ఇంకో కంటికి మార్కర్ పెన్నులు చూపించింది. గులాబీ వాసన పట్టిస్తే గులాబీయే ఎక్కువసేపు నిలిచింది!

నువ్వూ చేసి చూడు. ఎరుపు, నీలం త్రీడీ అద్దాలు చాలు. నల్లటి తెర మీద ఎరుపులో మల్లెపువ్వు, నీలంలో కాఫీ గింజ, ఒకదాని మీద ఒకటి వెయ్యి. చెయ్యి చాపి చూస్తే బొటనవేలి వెడల్పు దాటకూడదు, పెద్దదైతే రెండూ ముక్కలుముక్కలుగా అతుక్కుని కనబడతాయి. నీలం మసగ్గా ఉంటుంది కాబట్టి ఎరుపు తగ్గించు, లేకపోతే వెలుగున్న బొమ్మే గెలుస్తుంది.

ఒకేలాంటి సీసాలు మూడు. ఒకదాంట్లో గాంధీ రోడ్డులో సాయంత్రం దొరికే మల్లెపూలు, ఒకదాంట్లో రెండు చెంచాల కాఫీపొడి, మూడోదాంట్లో ఉత్త నీళ్లు. బట్ట చుట్టు. సీసా పట్టేవాళ్లు ఏదో నీకు చెప్పకూడదప్పా, తెలిస్తే అనుకున్నదే చూస్తావు! ఒక్కో విడత నిమిషం. ఏది కనబడితే దాని మీట నొక్కిపట్టు. తర్వాత రెండు నిమిషాలు కిటికీ దగ్గర నిలబడు, ముక్కు వాసనకి ఇట్టే అలవాటుపడిపోతుంది. వరస కలిపేసి సీసాకి పది విడతలు. సగంలో అద్దాలు తిప్పి పెట్టుకో, ఒక కంటికి బలం ఎక్కువుంటుంది. లెక్కంతా నీళ్ల సీసాతో పోల్చి చూడాలి.

రంగు కూడా జరుగుతుందిరా. 2023లో ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ పరిశోధకులు 24 మందితో తెర మీది రంగుని అచ్చమైన బూడిద రంగుకి దిద్దించారు. కాఫీ వాసనలో దిద్దినప్పుడు అది ఎరుపు గోధుమ వైపు జరిగిపోయింది! వాళ్లకది బూడిదే.

కోవిడ్‌లో వాసన పోయినవాళ్లు గుర్తొస్తే మనసు చివుక్కుమంటోంది. వాళ్ల కంటికి మల్లెచెండు... సరే, ఇంకోసారి. తపాలా ఎత్తే వేళయింది, ఉంటా