పెద్రో నూనెష్‌ను మరచిపోవద్దు

మిత్రులారా, నావికుల కోసం మెర్కేటర్ గీసిన ప్రపంచ పటం గురించి నిన్న మన మధ్య ఇంత చర్చ జరిగినా పెద్రో నూనెష్ పేరు ఎవరూ ఎత్తలేదు. మనసు ఒప్పక రాస్తున్నాను.

నూనెష్ (1502–1578) పోర్చుగల్ గణితవేత్త, కోయింబ్రా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. బ్రెజిల్ యాత్ర నుంచి తిరిగివచ్చిన నౌకాదళ నాయకుడు మార్తిం అఫోన్సో ద సౌజా ఓడ నడిచే దారి గురించి కొన్ని సందేహాలు ఆయన ముందు ఉంచాడు. ఒడ్డున కూర్చున్న పండితుణ్ణి నావికుడు వెతుక్కుంటూ వచ్చి అడగడం నాకు ఎంతో నచ్చిన విషయం.

1537లో అచ్చయిన గ్రంథంలో నూనెష్ తేల్చినది ఇది: దిక్సూచిలో ఒకే కోణం పట్టుకుని పోయే ఓడ అతి దగ్గరి దారిలో పోతున్నట్టు కాదు. అతి దగ్గరి దారి మహావృత్తం మీద, అంటే భూగోళాన్ని సరిగ్గా రెండు సగాలుగా చేసే వృత్తం మీద ఉంటుంది; అందులో పోవాలంటే దిశను మార్చుకుంటూ ఉండాలి. దిశ మార్చని ఓడ రేఖాంశాలన్నింటినీ ఒకే కోణంలో ఖండిస్తూ, చుట్టలు చుట్టుకుంటూ ధ్రువం వైపు సాగుతుంది. నేరుగా ఉత్తర దక్షిణాలకు, తూర్పు పడమరలకు పోయే ఓడలకు మాత్రం ఈ చుట్టలు లేవు. ఆ వంపు గీతలనే మెర్కేటర్ 1569 నాటి పటంలో సరళరేఖలుగా చూపించాడు. పటం గొప్పదే, కానీ ప్రశ్నను ముందుగా విప్పినవాడు నూనెష్.

కోణాలను డిగ్రీ కంటే సూక్ష్మంగా కొలవడానికి ‘నోనియస్’ అనే పద్ధతి కూడా ఆయనదే. బడి ప్రయోగశాలలో మనం పట్టుకున్న వెర్నియర్ కాలిపర్స్‌లోని కొలబద్దను కొన్ని ఐరోపా భాషల్లో ఇప్పటికీ నోనియస్ అనే పిలుస్తారు.